ఏడు ఫ్రేముల ఆలస్యం

తన చెల్లెలికి కోపం వస్తుంది గానీ నిలవదని ఫ్రేమక్క వాళ్ళ అక్క అందరితో చెప్పేది. పాలు పొంగినట్టు పొంగుతుంది, మంట తగ్గించగానే దిగిపోతుంది అనేది. నలభై ఆరేళ్ళ వరకు ఆ మాట నిజం. ఆ తర్వాత ఫ్రేమక్క ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాసుకుని బీరువా తలుపుకు లోపలి వైపు, అద్దం పక్కన అతికించింది. రోజూ పొద్దున తల దువ్వుకుంటూ చదివేది. నాలుగు నెలలు ఒక్క పూట మానలేదు.

"మా స్టూడియోలో ప్లేబ్యాక్ చూసే ఆమెను అజాగ్రత్త కారణంగా పనిలోంచి తీసేశాం. మీ దగ్గరికి వస్తే ఆలోచించుకోగలరు."

ఊళ్ళోని స్టూడియోల వాళ్ళందరూ ఉన్న ఫోన్ గ్రూపులో ఆ సందేశం పెట్టింది ఆమె బావ. సొంత అక్క మొగుడు.

ఆమెకు అసలు పేరు ఉంది, జీతం కాగితాల మీద. మిగతా అందరికీ, ఆమె కన్నా పదేళ్ళు పెద్దవాళ్ళకు కూడా, ఫ్రేమక్కే. తెర మీద బొమ్మ కదలాలంటే సెకనుకు ఇరవై అయిదు ఫ్రేములు పోవాలి. అందులో ఒక్క ఫ్రేము అటూ ఇటూ అయినా ఆమె కన్ను పట్టేస్తుంది. పంతొమ్మిదో ఏట ఎడిటింగ్ గదిలో ఫిల్ము ముక్కలు అతికించే పనికి చేరింది. ఫిల్ము పోయి టేపు వచ్చింది, టేపు పోయి కంప్యూటర్ వచ్చింది. ప్రతిసారీ పాతవాళ్ళు ఇంటికి వెళ్ళారు. ఆమె మాత్రం కుర్చీ మార్చుకుని కూర్చుంది. చివరికి ఒక డబ్బింగ్ స్టూడియోలో స్థిరపడింది. గాజు గదిలో మైకు ముందు నిలబడ్డ మనిషికి సరైన క్షణంలో సరైన బొమ్మ చూపించడం ఆమె పని. తెర మీద పెదవులు, ఇక్కడి గొంతు కలవాలి. అంతే.

ఆరేళ్ళ కిందట ఆ స్టూడియో కంప్యూటర్‌కు కొత్త సిస్టమ్ ఎక్కదని కంపెనీ వాళ్ళు తేల్చేశారు. ఓనరు దాన్ని పాతసామాన్ల వాడికి వేసేద్దామన్నాడు. ఫ్రేమక్క ఒప్పుకోలేదు. రెండు వారాలు కూర్చుని దానికి లినక్స్ అనే ఉచిత సిస్టమ్ ఎక్కించింది. అన్నీ పనిచేశాయి, వీడియో తప్ప. మొదట తెర నల్లగా ఉండిపోయింది. తర్వాత చారలు వచ్చాయి. ఆ తర్వాత బొమ్మ వచ్చింది గానీ నడుం దగ్గర అడ్డంగా చీలిపోయి వచ్చింది. గ్రాఫిక్స్ కార్డు పాతది. దాన్ని నడిపించే ప్రోగ్రాముల్ని డ్రైవర్లంటారు, కొత్తవేవీ దాన్ని గుర్తుపట్టవు. పాతవాటిలో ఏదో ఒకటి సరిపోతుంది, అదేదో ఎవరికీ తెలియదు. ఆమె పదిహేడు వేసి తీసింది. పద్దెనిమిదోది నిలిచింది. ఎవరూ మార్చకుండా దానికి సిస్టమ్‌లోనే తాళం వేసి, డబ్బా మీద ఒక చీటీ అంటించింది: "నడుస్తోంది. ముట్టుకోవద్దు."

"పురిటిబిడ్డని చూసుకున్నట్టు చూసుకుంటోందండీ మా మరదలు దాన్ని," అని బావ వేళాకోళం చేసేవాడు. బావ అక్కడే సౌండ్ ఇంజినీరు. అతన్ని అక్కడ చేర్పించింది కూడా ఫ్రేమక్కే.

"నువ్వు చూసుకోవలసినవి రెండే బావా. ఒకటి మైకు, రెండు నీ నోరు," అనేది ఆమె.

ఆమెకు పన్నెండేళ్ళప్పుడు ఆ ఇంటికి అల్లుడిగా వచ్చిన మనిషి. ఒకరినొకరు దెప్పుకోకపోతే వాళ్ళకు పొద్దుపోదు.

రోజూ పని మొదలయ్యే ముందు ఆమె ఒక పరీక్ష చేసేది. తెర మీద ఒక తెల్లటి మెరుపు, అదే క్షణంలో స్పీకరులో ఒక బీప్. రెండూ కలిసి వస్తే ఆ రోజు పని మొదలు. కలవకపోతే ఎంత పెద్దవాళ్ళు వచ్చి కూర్చున్నా మొదలు కాదు.

ఆ స్టూడియోలో ఎవరికీ చుట్టం కాని పెద్దమ్మ ఒకావిడ ఉండేది. డెబ్భై ఒక్కేళ్ళు. యాభై ఏళ్ళుగా తెర మీది అత్తలు, రాణులు, మంత్రగత్తెలు ఆవిడ గొంతుతోనే మాట్లాడారు. గొంతులో గడ్డ ఉందని, ఆపరేషన్ అయ్యాక మాట ఉండదని డాక్టర్లు చెప్పేశారు. ఆపరేషన్‌కు వారం ముందు ఆవిడ ఒక విదేశీ సీరియల్లో ముసలి రాణికి గొంతు ఇవ్వడానికి ఒప్పుకుంది. అదే ఆఖరుదని అందరికీ తెలుసు. ఒక సోమవారం, తొమ్మిదింటి నుంచి ఆరింటిదాకా నిలబడి రెండు వందల పన్నెండు డైలాగులు చెప్పేసింది.

పెద్దమ్మకు ఒక పద్ధతి ఉంది. మిగతావాళ్ళు అసలు నటి గొంతును హెడ్‌ఫోన్లో వింటూ చెబుతారు. ఆవిడ వినదు. "ఇంకొకరి గొంతు చెవిలో ఉంటే నా గొంతు బయటికి రాదు" అని ఆ సౌండు మొత్తం ఆపించేది. పెదవులు చూసే చెప్పేది.

బుధవారం పొద్దున్నే సీరియల్ కంపెనీ నుంచి తిట్లు వచ్చాయి. రాణి పెదవులు ఆగిపోయాక గొంతు వినబడుతోంది. ఏ డైలాగు తీసుకున్నా సుమారు ఏడు ఫ్రేముల ఆలస్యం. ఓనరు వచ్చి స్టూడియో కంప్యూటర్లోనే వేయించి చూశాడు. నిజమే. బావ పక్కన నిలబడి గడ్డం గోక్కున్నాడు.

"బొమ్మ మొదలయ్యే చోట గుర్తులు పెట్టేది తనే కదండీ. ఆ రోజు పన్ను పీకించుకుని వచ్చింది. ధ్యాస ఎక్కడుందో."

పన్ను సంగతి నిజం. సోమవారం ఆమె రోజూ కన్నా గంట ఆలస్యంగా, సరిగ్గా తొమ్మిదింటికి వచ్చింది. బుగ్గలో దూది ఉంది, మాట రాదు. పరీక్ష చేశావా అని బావను చేత్తోనే అడిగింది. "అయింది, చూశాను, బ్రహ్మాండంగా ఉంది, కూర్చో" అన్నాడు. ఆమె కూర్చుంది. ఆరేళ్ళలో ఆ పరీక్ష తన కళ్ళతో చూడకుండా కూర్చున్నది ఆ ఒక్క రోజే.

"సిస్టమ్ రికార్డు తెరిచి చూడండి ఓనరుగారూ. ఎవరు ఎప్పుడు ఏం వేశారో, ఏం తీశారో అంతా అందులో ఉంటుంది," అంది.

"మనిషి మీద తప్పుంటే మెషీన్ మీదకి తోస్తావా," అన్నాడు ఓనరు. తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళమన్నాడు. సాయంత్రానికి గ్రూపులో బావ సందేశం వచ్చింది.

ఆ వారంలోనే అక్క ఇంటికి వచ్చింది.

"పోనీలేవే. మనలో మనం కోర్టులకెక్కుతామా? నాలుగు రోజులు పోనీ, మీ బావే వేరే చోట చూపిస్తాడు."

"మీ ఆయన్ని ఒక్క మాట అడుగు. ఆ పొద్దున పరీక్ష చేశాడా అని."

"అడిగాను. చేశానన్నాడు."

"నీ మొహం చూసి చెప్పాడా?"

అక్క చెప్పులు వేసుకుంది.

వేరే చోట అంటూ ఏదీ దొరకలేదు. మూడు స్టూడియోలవాళ్ళు కబురు చేస్తామన్నారు. నాలుగోవాడు నిజం చెప్పాడు: "గ్రూపులో చూశామక్కా, ఏమనుకోకు." ఆమె ఇంటి ముందు గదిలో బల్ల వేసి చుట్టుపక్కలవాళ్ళ కంప్యూటర్లు బాగుచెయ్యడం మొదలుపెట్టింది. తన తప్పే అయి ఉంటుందా అని మొదట్లో ఆమెకూ అనుమానం వచ్చేది. ఆ అనుమానాన్ని వీధి చివరి టైలరమ్మ తీర్చేసింది.

టైలరమ్మ పాత కంప్యూటర్ ఒకటి మోసుకొచ్చింది. "కుట్టుపని వీడియోలు చూస్తానక్కా. ఆవిడ చెప్పేది ముందు వినబడుతోంది, సూది తర్వాత దిగుతోంది." ఫ్రేమక్క తెరిచి చూసింది. పాత కార్డు, ఎవరో కొత్త డ్రైవర్ వేశారు. ఆ డ్రైవర్ ఈ కార్డును గుర్తుపట్టలేదు. కార్డు ఊరికే కూర్చుంటే, బొమ్మలు గీసే పనంతా ప్రాసెసర్ నెత్తిన పడింది. అది చేతనైనంత గీస్తోంది, కాకపోతే ఆలస్యంగా. పైకి అంతా మామూలుగానే ఉంది. బొమ్మ మాత్రం కొన్ని ఫ్రేములు వెనకబడి వస్తోంది.

ఆమె చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉండిపోయింది.

పెద్దమ్మ చెవిలో సౌండు లేదు. ఎదురుగా ఉన్నది ఆలస్యంగా వచ్చే బొమ్మ ఒక్కటే. దానికి తగ్గట్టే పలికింది. ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ అదే బొమ్మ చూశారు, కాబట్టి అందరికీ అంతా కలిసినట్టే ఉంది. బయట, బాగున్న మెషీన్ మీద వేసినప్పుడే గొంతు వెనకబడింది. ఇంకెవరైనా చెప్పి ఉంటే హెడ్‌ఫోన్లోని గొంతుకూ తెరకూ కుదరక మొదటి నిమిషంలోనే గోల చేసేవాళ్ళు. మరి బుధవారం ఓనరు అదే కంప్యూటర్ మీద వేయిస్తే తేడా ఎందుకు కనబడింది? అప్పటికి పాత డ్రైవర్ మళ్ళీ వచ్చేసింది కాబట్టి. అది తనంతట తాను రాదు. తెచ్చినవాడికి తప్పు ఎక్కడుందో తెలుసు. తెలిసే ఆమె మీద పెట్టాడు.

"ఏమైందక్కా, పోయినట్టేనా?" అంది టైలరమ్మ.

"లేదమ్మా. దొరికింది."

ఆ రోజు నుంచి బీరువా మీది కాగితాన్ని ఆమె బాధతో చదవలేదు. తొందరపడకూడదని తనకు తాను గుర్తు చేసుకోవడానికి చదివింది.

నాలుగో నెలలో పెద్దమ్మ వచ్చింది. మెడ చుట్టూ గుడ్డ, చేతిలో పలక. కుర్చీలో కూర్చుని పలక మీద రాసింది: "నా గొంతు పాడు చేశావా?"

"లేదు పెద్దమ్మా."

తుడిచి రాసింది: "ఎవరు?"

"ఆ మెషీన్ ముందు కూర్చోబెడితే చూపిస్తాను."

పెద్దమ్మ చాలాసేపు రాసింది. రాణికి వేరే గొంతు పెడితే సీరియల్ కంపెనీ ఒప్పుకోవడం లేదు. డైలాగులన్నీ ఏడు ఫ్రేములు ముందుకు జరిపి చూశారు, కొన్ని కుదిరాయి, చాలావరకు కుదరలేదు. బావ విడివిడిగా జరపబోయి ఉన్నవి కూడా చెడగొట్టాడు. సోమవారంలోగా ఇవ్వకపోతే సీరియల్ మొత్తం వేరే స్టూడియోకు పోతుంది, ఆవిడ గొంతు చెత్తబుట్టలోకి పోతుంది. కింద పెద్ద అక్షరాలతో రాసింది: "ఓనరుకు చెప్పాను. రేపు రా."

"వస్తాను. కానీ మా బావ గదిలో ఉండాలి."

పెద్దమ్మ ఆమె మొహం వైపు చూసి, పలక తుడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడకు అర్థమైంది.

మర్నాడు ఓనరు గుమ్మంలోనే ఎదురొచ్చాడు. లోపల సౌండు మిక్సర్ దగ్గర బావ, వెనక కుర్చీలో పెద్దమ్మ కూర్చుని ఉన్నారు.

"ఏం మరదలా, చిక్కిపోయావ్."

"బాగున్నారా ఇంజినీరుగారూ."

ముప్ఫై నాలుగేళ్ళలో ఆమె అతన్ని మీరు అనడం అదే మొదటిసారి. బావ నవ్వబోయి ఆపేశాడు.

కాస్త సర్దుకోవాలని చెప్పి ఆమె అందరినీ పావుగంట బయట కూర్చోమంది. రికార్డు తెరిచింది. అక్కడే ఉంది. ఆదివారం మధ్యాహ్నం మూడూ నలభైకి తాళం తీసి కొత్త డ్రైవర్ వేశారు, బావ పేరు మీద. బుధవారం ఉదయం ఎనిమిదింబావుకు దాన్ని తీసి పాతది వేశారు, అదే పేరు మీద. వెర్షన్ నంబరుతో సహా ఉంది. అలాంటి రికార్డు ఎక్కడ ఉంటుందో తెలిసి ఉంటే బావ నాలుగు నెలల కిందటే చెరిపేసేవాడు. ఆమె ఆ పేజీ ప్రింటు తీసి, మడిచి, సంచిలో పెట్టుకుంది. తలుపు తీసింది.

"ఒక్కొక్క డైలాగు కంటితో సరిచెయ్యాలంటే నెల పడుతుందండీ. రాణి సగం సీన్లలో ముసుగులో ఉంటుంది, పెదవులే కనబడవు. వేరే దారి ఉంది. ఆ సోమవారం ఈ మెషీన్ ఎలా ఉందో మళ్ళీ అలాగే పాడుచెయ్యాలి. ప్రతి షాటు మొదట్లో ఒక బీప్ పెట్టి, తెరని ఫోన్లో తీస్తాను. బీప్ తర్వాత ఎన్ని ఫ్రేములకి షాటు మారిందో లెక్కపెడితే, ఆ షాటుకి ఆలస్యం ఎంతో తెలిసిపోతుంది. గొంతుని అంత ముందుకి జరిపితే సరి."

"అయితే పాడుచెయ్యి మరి," అన్నాడు ఓనరు.

"ఆ రోజు ఏం వేశారో నాకెలా తెలుస్తుందండీ? వేసినవాళ్ళే వెయ్యాలి."

బావ ఓనరు వైపు చూశాడు.

"ఎవరో వెయ్యడమేంటండీ. దానంతటదే అప్‌డేట్ అయ్యుంటుంది."

"తాళం వేసి ఉంది కదా ఇంజినీరుగారూ. తియ్యాలా అని అడుగుతుంది. తియ్యమంటే, నిజంగానే తియ్యాలా అని ఇంకోసారి అడుగుతుంది. ఆపైన పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇన్నీ అదే అడిగి అదే చెప్పుకుందంటారా?"

"పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గరుంది?" అన్నాడు ఓనరు.

"ఇద్దరి దగ్గర. పన్నునొప్పితో ఆదివారమంతా నేను మంచం దిగలేదు. వీళ్ళావిడే వచ్చి గంజి కాచి ఇచ్చింది, కావాలంటే ఫోన్ చేసి అడగండి."

పెద్దమ్మ లేచి, పలక మీద రెండు మాటలు రాసి, బావ మొహం ముందు పెట్టింది.

"నా గొంతు."

బావ కుర్చీ జరుపుకుని కీబోర్డు ముందు కూర్చున్నాడు.

"నంబరు గుర్తు లేదు," అన్నాడు మెల్లగా.

"గుర్తు తెచ్చుకోండి. ఈ పూటంతా మనదే."

నంబరు ఆమె సంచిలో ఉంది. బావ ఒకటి వేశాడు, మెషీన్ ఆపి మళ్ళీ పెట్టాడు, తెర నల్లగా వచ్చింది. తీశాడు. ఇంకొకటి వేశాడు. చారలు వచ్చాయి. ఆరేళ్ళ కిందట తను పడ్డ పాట్లన్నీ అతను వరసగా పడుతుంటే, ఆమె స్టూలు మీద కూర్చుని టీ తాగింది. ఆరుసార్లు తప్పాయి. రెండున్నర గంటలు పట్టింది. సంచి ఆమె ఒళ్ళోనే ఉంది. ఒక్కసారి కూడా దాని జిప్పు మీద చెయ్యి వెయ్యలేదు.

ఏడోసారి తెర మామూలుగా వచ్చింది. ఆమె పరీక్ష పెట్టింది. బీప్ వినబడింది. అది అయిపోయాక మెరుపు మెరిసింది.

ఆ తేడా చూడటానికి ఆమె కన్ను అక్కర్లేదు. ఓనరుకు కూడా కనబడింది.

"ఎందుకు వేశావయ్యా?" అన్నాడు ఓనరు.

"మ్యాచ్ చూద్దామని... సెలవు కదా, ఎవరూ లేరని వచ్చాను. బొమ్మ ఆగి ఆగి వస్తోంది. కొత్త డ్రైవర్ వేసుకుంటే బాగుంటుందని నెట్‌లో ఉంది."

"వేశాక బాగా వచ్చిందాండీ?" అని అడిగింది ఫ్రేమక్క.

"లేదు."

"అయ్యో పాపం."

మూడు రోజులు పని జరిగింది. ఆమె ఫోన్లో చూసి లెక్క చెప్పేది, బావ జరిపేవాడు. కదలిక లేని షాట్లకు అయిదు ఫ్రేములు, గుంపులో తీసిన వాటికి తొమ్మిది, వాన కురిసే సీనుకు పదకొండు. కొన్నిచోట్ల వాక్యం మధ్యలో షాటు మారితే గొంతును అక్కడే కోసి రెండు లెక్కల్లో జరపాలి. రెండు వందల పన్నెండు డైలాగులూ బావ చేత్తోనే అయ్యాయి. చెయ్యి నొప్పెడుతోందని అన్నాడొకసారి. ఆమె తర్వాతి నంబరు చెప్పింది. వాళ్ళ వెనక కూర్చుని పెద్దమ్మ తన గొంతు తన దగ్గరికి ఒక్కొక్క మాటగా తిరిగి రావడం చూసింది.

ఆదివారం సాయంత్రానికి పని ముగిసింది. ఆమె పాత డ్రైవర్ తిరిగి పెట్టి, మొదటి నుంచి చివరిదాకా వేసి చూపించింది. రాణి పెదవులు కదిలినప్పుడు మాట్లాడింది, ఆగినప్పుడు ఆగింది. ఓనరు ఊపిరి పీల్చుకుని ఫోన్ తీశాడు.

"గ్రూపులో నేనే పెట్టేస్తానమ్మా. పొరపాటు జరిగింది, ఆమె తప్పేం లేదు అని."

"పొరపాటు జరిగింది అంటే ఎవరు చేసినట్టండీ? పెట్టిన మనిషే పెట్టాలి. రాసి కాదు. వీడియో. మొహం కనబడాలి."

బావను గాజు గదిలో మైకు ముందు నిలబెట్టారు. ఫ్రేమక్క స్టాండు మీద కాగితం పెట్టింది. ఎదురుగా కెమెరా పెట్టింది. చదవాల్సినవి మూడే వాక్యాలు: "పెద్దమ్మ రికార్డింగ్ పాడుచేసింది నేను. పరీక్ష చెయ్యకుండానే చేశానని చెప్పింది నేను. సంగతి తెలిశాక దాన్ని మా మరదలి మీదకు తోసింది కూడా నేనే."

మొదటి టేకు పరుగు పందెంలా అయిపోయింది. పెద్దమ్మ గాజుకు అవతల పలక ఎత్తింది: "మెల్లగా."

రెండో టేకు. "'నేను' మింగేశావు. మళ్ళీ."

నాలుగో టేకులో గొంతు వణికించాడు. "నటన. మళ్ళీ."

ఏడో టేకులో నిజంగానే కళ్ళ నీళ్ళు వచ్చాయి. పెద్దమ్మ రాసింది: "ఏడుపు నీకోసం. తుడుచుకో. మళ్ళీ."

"మరదలా, ఇంక చాలు. నీ కాళ్ళు పట్టుకుంటా," అన్నాడు మైకులోంచి.

"మైకు ముందు వేరే మాటలు మాట్లాడకండి ఇంజినీరుగారూ. టేకు పాడవుతుంది."

పద్నాలుగో టేకులో అతను వాదించలేదు, వణకలేదు, ఎవరి మొహమూ చూడలేదు. ఉన్నది ఉన్నట్టు చదివాడు. పెద్దమ్మ పలక దించి, తల ఊపింది. ఫ్రేమక్క ఆ వీడియోను అతని ఫోన్ నుంచే, అతని పేరు మీదే గ్రూపులో పెట్టించింది. పది నిమిషాల్లో నలభై మంది చూశారు.

ఓనరు తాళంచెవి బల్ల మీద పెట్టాడు. "రేపటినుంచి రామ్మా. వీణ్ణి మాత్రం తీసేస్తున్నాను."

"వద్దండీ. ఉండనివ్వండి," అంది.

ఆ మాట అక్క దాకా వెళ్ళింది. ఆ మర్నాడే ఫోన్ చేసింది. ఏడ్చిన గొంతు.

"మీ బావని ఉంచమన్నావట. నువ్వు మంచిదానివే, నాకు తెలుసు. కోపం నిలవదు నీకు."

"నిలవదు," అంది ఫ్రేమక్క.

"మరి మిగతా టేకులు చెరిపేశావా? పద్నాలుగు చెప్పించావట కదే."

"పదమూడు చెరిపేశాను. ఒకటి ఉంచాను, పనికొస్తుందని."

బీరువా మీది కాగితం ఆమె అంతకుముందే చించేసింది. బావ పాస్‌వర్డ్ కూడా తీసేసింది. ఇప్పుడతను స్పీకరు సెట్టింగు మార్చాలన్నా ఆమెను అడగాలి. అడుగుతున్నాడు. ఆమె మీరు అనడం మానలేదు.

డబ్బా మీద పాత చీటీ అలాగే ఉంది. మారింది పొద్దున్న పరీక్ష ఒక్కటే. మెరుపూ బీపూ కన్నా మనిషి మొహమైతే తేడా బాగా తెలుస్తుందని ఓనరుకు చెప్పింది, ఆయన సరేనన్నాడు. రోజూ తొమ్మిదింటికి, మైకు దగ్గరికి వచ్చినవాళ్ళూ, మిక్సర్ ముందు బావా, అందరూ ఉండగా ఆమె మీట నొక్కుతుంది. పెద్ద తెర మీద బావ మొహం వస్తుంది. మూడు వాక్యాలు చెబుతాడు. కింద కూర్చున్న బావ సౌండు పెంచి తగ్గించే ఫేడర్ల వైపు చూస్తూ ఉంటాడు.

ఆమె పెదవుల మీద కన్ను పెట్టి చివరిదాకా చూస్తుంది. "నేనే" అన్న దగ్గర పెదవులు విడివడటం, మాట వినబడటం ఒకే ఫ్రేములో జరగాలి.

"కలిసింది," అంటుంది. పని మొదలవుతుంది.